ఈ శరత్తులో కచేరీలు, ప్రయాణాలు, వనభోజనాలు: విజయనగరం నుంచి అరకు దాకా

గోస్తని
6 అక్టోబరు 2024, ఆదివారం

మిత్రులందరికీ నమస్కారం. నవరాత్రులు మొదలై ఇది నాలుగో రోజు. మా వంటింటి గోడకున్న క్యాలెండరులో ఇవాళ్టి నుంచి కార్తీకం వెళ్ళేదాకా ఖాళీగా మిగిలిన ఆదివారం ఒక్కటీ కనిపించడం లేదు. ఈ నెల 14, 15 తేదీలలో విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్ళు, సిరిమానోత్సవం ఉన్నాయి. 20న బొబ్బిలి దగ్గర వీణలు తయారుచేసే గొల్లపల్లికి వెళ్ళాలి. నవంబరు 10న తాటిపూడి జలాశయం దగ్గర మన వనభోజనం, 17న కిరండూల్ రైల్లో అరకు ప్రయాణం. వీటి నడుమ విశాఖ కళాభారతిలో సాయంత్రపు కచేరీలు, బీచిరోడ్డు మీద కుర్రవాళ్ళ బృందాల పాటలు, దీపావళి, నాగులచవితి, వచ్చేపోయే చుట్టాలు ఎలాగూ ఉంటారు.

నిరుడు ఇదే కాలంలో నేను పదకొండు కచేరీలకు వెళ్ళాను. ఆ తరువాత లెక్క చూసుకుంటే, వర్ణం మొదలు మంగళం దాకా కూర్చున్నవి రెండే. ఒకచోటికి ఆలస్యంగా చేరడం, ఇంకోచోట నుంచి ఎవరింట్లోనో భోజనానికి ఎదురుచూస్తున్నారని ముందే లేచిపోవడం, ఇదే తంతు. ఇంటికి చేరాక ఏ రాగం విన్నానో గుర్తుకు రాక, ఏ ఇంట్లో ఏ కూర తిన్నానో మాత్రం గుర్తుండేది. అందుకే ఈసారి ముందుగా అడుగుతున్నాను: వీటిలో దేన్ని వదులుకోవచ్చు, దేన్ని వదులుకోకూడదు? వనభోజనానికి వంట ఎవరి చేతిలో పెట్టాలన్నది రెండో ప్రశ్న. నిరుడు పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదని నాకు తెలుసు.


మూడు లాంతర్లు
6 అక్టోబరు 2024

గోస్తని గారూ, దేన్ని వదిలినా సిరిమానును వదలవద్దు. అయితే మంగళవారం మధ్యాహ్నం రైలు దిగి నేరుగా వచ్చి చూద్దామనుకుంటే మీకు కనిపించేవి ముందువాళ్ళ వీపులే. సోమవారమే వచ్చి మా ఇంట్లో ఉండండి. తొలేళ్ళ రాత్రి ఊరు నిద్రపోదు. వీధుల్లో పులివేషాలు, తప్పెటగుళ్ళు, డప్పులు తెల్లవారేదాకా తిరుగుతూనే ఉంటాయి. ఉత్సవాల పేరిట ఆనంద గజపతి కళాక్షేత్రంలో శాస్త్రీయ సంగీతం కూడా ఉంటుంది కానీ, నా మాట వింటే ఆ రెండు రోజులూ కుర్చీల్లో కాకుండా వీధిలోనే వినండి. రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్ళ మీద పదిహేనుమంది ఒకేసారి వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో కుప్పించి గెంతుతుంటే ఆ దరువు వినేవాడి కడుపులోకి దిగుతుంది. దానికి మైకు అక్కరలేదు.

మంగళవారం పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల ముందు నడవగా, చింతమాను చివర కట్టిన పీట మీద పూజారి కూర్చుని గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతారు. మీరు కోట వైపు కాక గుడి వైపు నిలబడండి. జనం విసిరే అరటిపళ్ళు నెత్తిన పడతాయి, కోపగించుకోకూడదు. కారు ఊరి బయటే వదిలేయాలి. భోజనం గురించి అడగనే వద్దు, ఆ పూట మా వీధిలో ఏ తలుపు తట్టినా విస్తరి వేస్తారు.


నాలుగు తీగలు
7 అక్టోబరు 2024

గోస్తని గారి లెక్క చదివితే నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది. ఏళ్ళ తరబడి పిల్లలకు వయొలిన్ పాఠం చెబుతున్నవాణ్ణి, వేదిక మీద కూర్చున్నవాడికి సభ ఎలా కనిపిస్తుందో ఒక మాట చెప్పనివ్వండి. ప్రధాన కృతికి స్వరకల్పన ముగిసి, తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం కోసం గాయకుడు మృదంగం వైపు చూసీ చూడగానే వెనుక వరుసల్లో కుర్చీల చప్పుడు మొదలవుతుంది. రెండు గంటల సేపు ఇంకొకరి పాటకు నీడలా నడిచిన మనిషికి తనకంటూ దక్కేది ఆ పది పదిహేను నిమిషాలే. సరిగ్గా అప్పుడే మనవాళ్ళకు కాఫీ గుర్తుకు వస్తుంది. తనిని ముగించే ముక్తాయింపు ఎక్కడ పడుతుందో చేత్తో తాళం వేసుకుంటూ ఒక్కసారైనా కనిపెట్టినవాడు మళ్ళీ ఎప్పుడూ ఆ సమయంలో లేవడు.

భోజనానికీ పాటకూ ఉన్న సంబంధం మా విజయనగరానికి కొత్త కాదు. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి అధ్యక్షునిగా కూర్చోబెట్టారు. కళ్ళు కనిపించని చాగంటి గంగరాజు అనే కుర్రవాడి చదువు కోసం మొదలైన ఆలోచన అలా ఊరంతటికీ దక్కింది. 1936లో ఆ కుర్చీలోకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. అక్కడ చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల గారు కొన్నాళ్ళు మధూకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, పాట నేర్చుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చదువు చెప్పారు, వీధులు అన్నం పెట్టాయి. అటువంటి ఊరి నుంచి మాట్లాడుతున్నాను కనుక, భోజనానికి ఆలస్యమవుతోందని తనిలో లేచిపోయేవాళ్ళ మీద నాకు కోపం రావడం సహజమే. గోస్తని గారు అడిగినదానికి నా జవాబు ఇది: పదకొండు వద్దు, నాలుగు చాలు. ఆ నాలుగూ నిండుగా వినండి.


కెరటం
7 అక్టోబరు 2024

మాస్టారూ, మీ మాటకు ఎదురు చెబుతున్నానని అనుకోకండి. నేను బీచిరోడ్డు మీద ఒక చిన్న బృందంలో గిటారు వాయిస్తాను. మేము పాడే చోట జనం పాట కోసం రారు, తినడానికి వస్తారు. ప్లేట్ల చప్పుడు, ఆర్డరు చెప్పేవాళ్ళ కేకలు, పుట్టినరోజు కేకు కోయడాలు, వీటన్నింటి మధ్య ఒక బల్ల దగ్గర మాటలు ఆగి నలుగురు ఇటు తిరిగితే ఆ రాత్రికి మాకు అదే సన్మానం. మీ సభలో జనం లేచిపోతే మీకు కష్టంగా ఉంటుంది. మాకు ఎవరైనా చెంచా కింద పెడితే పండగలా ఉంటుంది. కాబట్టి పూర్తిగా కూర్చోలేనివాళ్ళను మరీ దోషులుగా చూడకండి, వాళ్ళలో కొందరు అలా సగం సగం వింటూనే ఏదో ఒక రోజు పూర్తిగా వినడానికి వస్తారు.

ఒక తప్పు మా వైపూ ఉంది. పోయిన నెల ఒకచోట ధ్వని ఎంత పెంచారంటే ఎదురుగా కూర్చున్న స్నేహితుడితో మాట్లాడాలంటే ఫోనులో రాసి చూపించవలసి వచ్చింది. తగ్గించమని మేము అడిగినా నిర్వాహకులు వినలేదు. చెవులు ఇంటికి వెళ్ళాక కూడా గుయ్యిమంటూనే ఉన్నాయి. మీరు వెళ్ళే ఆ నాలుగు కచేరీల్లో ఒకదానికి నన్ను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. తనిలో లేచిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను.


నాలుగు తీగలు
7 అక్టోబరు 2024

తప్పకుండా రా నాయనా. మొదటి వరుసలో వద్దు, మూడో వరుసలో కూర్చుందాం. లేవాలనిపిస్తే నా మోకాళ్ళు అడ్డం వస్తాయి.


పనసపొట్టు
8 అక్టోబరు 2024

వంట సంగతి నాకు వదిలేయండి. ముప్పై ఆరుమంది వస్తారన్నారు, మనిషికి నూట యాభై గ్రాముల చొప్పున అయిదున్నర కిలోల బియ్యం చాలు. అందులో రెండు కిలోలు పులిహోరకు పోతాయి. అన్నాన్ని పళ్ళెంలో పరిచి, పసుపు, నూనె కలిపి, ఆవిరి పూర్తిగా పోయాకే పులుసు కలపాలి. ఉప్పు పులుసులో మాత్రమే వేస్తాం, అన్నంలో ఎవరూ వేయరు. నిరుటి ముచ్చట అక్కడితో సరి. కంద బచ్చలికి, పనసపొట్టు దొరికితే దానికి కూడా, ఆవ నేనే నూరి తెస్తాను. ఆవముద్దను కూర పొయ్యి దించి కాస్త చల్లారాక కలపాలి. సెగ మీద కలిపితే చేదెక్కుతుంది, ఆ తరువాత దాన్ని ఏ బెల్లమూ కాపాడలేదు. గుమ్మడికాయ, చిలగడదుంప, మునక్కాడలతో దప్పళం, ఉసిరికాయ పచ్చడి, పెరుగు ఆవడలు చేద్దాం. మిఠాయికి మాడుగుల హల్వా అటువైపు వెళ్ళేవారెవరైనా తెస్తే చాలు, గోధుమ పాలు తీసి చేసే ఆ హల్వాను ఇంట్లో చేయడానికి నాకు ఓపిక లేదు.

ఒక విన్నపం. వంటకు పెద్ద గరిటెలు రెండు మా అత్తగారివి, ఇత్తడివి. వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు ఉండాలి.


దూరపు కొండ
9 అక్టోబరు 2024

నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. పుట్టింది విజయనగరం కంటోన్మెంటులో. పద్నాలుగేళ్ళ తరువాత మొదటిసారి దసరాకు వస్తున్నాను. 12వ తేదీకి చేరుకుని, నవంబరు నెలాఖరుదాకా మా మేనత్త ఇంట్లోనే ఉంటాను. ఇక్కడ కూడా తెలుగు సంఘాలు కచేరీలు పెడతాయి, భోజనాలు పెడతాయి. అయితే హాలు అద్దె గడువు రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది కనుక మంగళం పాడుతుండగానే కుర్చీలు మడుస్తుంటారు. పై జాబితాలో ప్రతిదానికీ నన్ను చేర్చుకోండి. అరకులో బొంగులో చికెన్ తినాలన్నది మా పిల్లల కోరిక, అది 17న కుదురుతుందా?


పనసపొట్టు
9 అక్టోబరు 2024

17 కార్తీకంలో పడుతుంది కదండీ! మనలో సగంమంది ఆ నెల నీచు ముట్టరు.


కెరటం
9 అక్టోబరు 2024

మిగిలిన సగంమంది ముడతారు. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిని కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు, పచ్చి వెదురు తడితోనే ఉడుకుతుంది. తినేవాళ్ళు రోడ్డుకు అవతల తినివస్తారు, తిననివాళ్ళు ఇవతల కాఫీ తాగుతారు. దీని మీద తీర్మానం అవసరం లేదనుకుంటాను.


గోస్తని
12 అక్టోబరు 2024, విజయదశమి

ఇవాళ పొద్దున్న తేదీ చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడి ఇవాళ్టికి సరిగ్గా పదేళ్ళు. 2014 అక్టోబరు 12 ఆదివారం, ఆ సాయంత్రం మేము ఒక కచేరీకి టికెట్లు తీసుకుని ఉన్నాము. మధ్యాహ్నానికి మా వీధిలో చెట్టన్నది లేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు. మూడో రోజున ఫ్రిజ్‌లన్నీ ఖాళీ చేయవలసి వచ్చి, మా అపార్టుమెంటులో పదకొండిళ్ళ పాలు, కూరలు, పిండి మెట్ల కిందకి చేరాయి. కిరోసిను స్టవ్ ఒక్కటే ఉంటే దాని మీద వంతులవారీగా వండుకుని, పెంకులు ఎగిరిన మేడ మీదే అందరం కూర్చుని తిన్నాం. రెండో అంతస్తులో ఉండే కాలేజీ అమ్మాయి వయొలిన్ తెచ్చింది. ఫ్యాన్లు, టీవీలు, బళ్ళు, ఏ చప్పుడూ లేని ఊళ్ళో మైకు లేకుండా విన్న ఆ శంకరాభరణం నాకు ఇంకా వినిపిస్తుంది. ఆ రోజు ఎవరూ ముందే లేచిపోలేదు, పోవడానికి ఎక్కడికీ దారి లేదు కూడా.

మాస్టారు చెప్పిన నాలుగు చాలన్న లెక్కకు ఒప్పుకుంటున్నాను. కళాభారతి కచేరీల్లో రెండింటికే వెళ్తాను.


దూరపు కొండ
16 అక్టోబరు 2024

నిన్న సిరిమాను చూశాను. మూడు లాంతర్లు గారు చెప్పినట్టే గుడి వైపు నిలబడ్డాం. మాను మొదలు కదలగానే ఎక్కడో పైన, యాభై అడుగుల కొనలో కూర్చున్న మనిషి ఆకాశంలో ఊగుతూ ముందుకు వస్తుంటే, నా పక్కన ఉన్న ముసలమ్మ చేతిలోని అరటిపళ్ళన్నీ ఒక్కసారే విసిరేసింది. ఒకటి మా పెద్దవాడి కళ్ళద్దాలకు తగిలింది. వాడు ఏడుస్తాడేమో అనుకుంటే, ఇంకో పండు కావాలని చేయి చాచాడు. అంతకుముందు రాత్రి తప్పెటగుళ్ళ వెంట మేము నాలుగు వీధులు నడిచాం. అమెరికాలో ఏడాదంతా రికార్డుల్లో వింటున్నదంతా ఎంత శుభ్రంగా, ఎంత దూరంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. రాత్రి పన్నెండున్నరకు మూడు లాంతర్లు గారింట్లో ముద్దపప్పు, బెల్లం ఆవకాయతో అన్నం తిన్నాం. ఇంట్లోవాళ్ళు మా కోసమే మేలుకుని ఉన్నారు. సిగ్గనిపించింది కానీ రెండోసారి వడ్డించినప్పుడు వద్దనలేదు.


మూడు లాంతర్లు
16 అక్టోబరు 2024

మీకోసం మేలుకోలేదండీ, ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోరు. రెండోసారి కాదు, మూడోసారి.


కెరటం
21 అక్టోబరు 2024

నిన్నటి గొల్లపల్లి ప్రయాణానికి ఎనిమిదిమందిమే వెళ్ళాం. వీణ అంటే సరస్వతి పటంలోనో వేదిక మీదనో చూడటమే తప్ప, పనస దుంగ నుంచి అది బయటికి రావడం చూడటం నాకు ఇదే మొదటిసారి. కుండ, దండి, తల విడివిడిగా చేసి అతకకుండా, మొత్తం ఒకే మాను నుంచి తొలిచి తీసే ఏకాండి వీణకు ఈ ఊరు పేరు. లోపలి భాగం తొలిచేటప్పుడు కారిగరు మాటిమాటికీ వేలితో కొట్టి చెవి ఆనించి వింటున్నాడు. ఎక్కడ ఆపాలో కొలత చెప్పదని, చప్పుడు చెబుతుందని అన్నాడు. అన్నింటికన్నా నన్ను కట్టిపడేసింది మెట్లు అమర్చే పని. ఇరవై నాలుగు మెట్లను నల్లటి మైనం మీద నిలబెట్టి, తీగ మీటుతూ, ఒక్కో మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ స్వరం కుదిరేదాకా కూర్చున్నాడు. నా గిటారుకు మెట్లు ఫ్యాక్టరీలో ఎవరు బిగించారో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగనూ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బొబ్బిలిలో ఒక చిన్న హోటల్లో ఇడ్లీ అయిపోయిందంటే అందరం దిబ్బరొట్టె తిన్నాం. ఆకలి మీద ఉన్నాం కనుక రుచి గురించి నా మాట నమ్మవద్దు.


పనసపొట్టు
11 నవంబరు 2024

నిన్నటి వనభోజనానికి ముప్పై ఆరుకు బదులు నలభై ఏడుమంది వచ్చారు. అయినా దప్పళం సరిపోయింది, పులిహోర మిగిలింది, ఉప్పు ఒక్కసారే పడింది. జలాశయం ఒడ్డున మేము దిగిన తోపులో మామిడి, జీడిమామిడి తప్ప ఉసిరి చెట్టు లేకపోవడంతో, ముందే తెచ్చుకున్న ఉసిరి కొమ్మను మామిడి మొదట్లో నిలబెట్టి పూజ కానిచ్చాం. గాలికి స్టవ్ మంట నిలవక కంద ఉడకడం గంటన్నర ఆలస్యమైంది. ఆ గంటన్నరే మంచిదయింది. ఆకలితో ఉన్న నలభై ఏడుమందిని కూర్చోబెట్టడానికి మాస్టారు వయొలిన్ తీశారు, కెరటం గిటారు తీయబోయి మానేసి తాళం వేశాడు. కాంభోజి ఆలాపన సాగుతుండగా పిల్లలు కూడా నీళ్ళ వైపు పోకుండా కూర్చున్నారంటే, అది రాగం మహిమో, కంద మహిమో చెప్పలేను.

విస్తళ్ళు లెక్కపెట్టాను, చెత్త సంచుల్లో వెనక్కి తెచ్చాం. గరిటెలు రెండు వెళ్ళాయి. ఒకటే వచ్చింది.


గోస్తని
18 నవంబరు 2024

గరిటె మా సంచుల్లో లేదు, రెండుసార్లు వెతికాను.

నిన్నటి అరకు సంగతి క్లుప్తంగా రాస్తాను, ఇంకా నడుము నొప్పి తగ్గలేదు. ఉదయం ఏడుకు ముందే బయలుదేరిన రైలు కొండలెక్కేకొద్దీ సొరంగాలు మొదలయ్యాయి. ప్రతి చీకట్లోనూ పిల్లలు కేకలు వేశారు, యాభైకి పైగా ఉన్న ఆ సొరంగాల్లో ఒక్కదాన్నీ వదలలేదు. బొర్రా గుహలు తిరుగుదారిలో చూద్దామనుకుని చూడలేకపోయాం. లోయలో వలిసె పూలు పూసి చేలకు చేలే పసుపు పరిచినట్టున్నాయి. అయితే ఫొటోల కోసం చేలలోకి దిగి మొక్కలు తొక్కుతున్నవాళ్ళను చూసి బాధ కలిగింది. అది ఎవరో రైతు నూనె గింజల పంట కదా. సాయంత్రం కొమ్ము, తుడుము, మోరి మోగుతుండగా ధింసా ఆడే ఆడవాళ్ళు నన్ను వరుసలోకి లాగారు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వంగి లేచే ఆ అడుగు చూడటానికి తేలిక, చేయడానికి కాదు. వరుస తెగిపోకూడదు కనుక మధ్యలో వదిలి రావడానికి వీల్లేదు. మాస్టారి మోకాళ్ళు అక్కడ కూడా అడ్డం వచ్చినట్టే అనిపించింది. బొంగులో చికెన్ తినేవాళ్ళు రోడ్డుకు అవతలే తిన్నారు. వాసన మాత్రం ఇవతలికి వచ్చింది.


నాలుగు తీగలు
26 నవంబరు 2024

ద్వారం వారు కన్నుమూసి నిన్నటికి అరవై ఏళ్ళు. పెద్ద సభలు పెట్టే స్తోమత నాకు లేదు కనుక మా డాబా మీదే శిష్యులతో గంటన్నర వయొలిన్ వినిపించాం. కార్తీక సోమవారం కావడంతో వచ్చినవారిలో చాలామంది ఉపవాసం. నక్షత్రాలు కనిపించాకే భోజనం, ఆ భోజనం మంగళం తరువాతే వడ్డించాలని ఇంట్లో ముందే చెప్పి ఉంచాను. ఈ ఏర్పాటులో నా స్వార్థం ఉందని ఒప్పుకుంటాను. మృదంగం వాయించిన కుర్రవాడికి పదహారేళ్ళు, తనిలో ఒకచోట తప్పాడు, తడుముకోకుండా మళ్ళీ అందుకున్నాడు. నా పక్కన కూర్చున్న కెరటం ముక్తాయింపు రాబోయే ఆవర్తానికి ముందే చెయ్యెత్తాడు. తాళంలో ఒక అక్షరం ముందుగా ఎత్తాడు, అయినా ఎత్తాడు.


కెరటం
26 నవంబరు 2024

ఒక అక్షరం కాదు మాస్టారూ, అర అక్షరం.

పనసపొట్టు గారూ, మీ గరిటె దొరికింది. తాటిపూడిలో మా గిటారు పెట్టెలో ఎవరు పెట్టారో తెలియదు కానీ, నిన్న డాబా మీద పెట్టె తెరిస్తే తీగల కింద ఉంది. నిన్న రాత్రి పప్పు దానితోనే వడ్డించాం. ఆదివారం తోమి తెస్తాను.


పనసపొట్టు
27 నవంబరు 2024

తోమవద్దు. చింతపండుతో నేను తోముకుంటాను, మీరు పీచుతో గీస్తారు. ఆదివారం మధ్యాహ్నం రండి, మిగిలిన ఆవముద్ద ఉంది.